పురుగు ముందా, బూజు ముందా?

చెట్ల వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో మూడు వంతులు కొబ్బరి గురించే. గోదావరి లంకల్లో కూర్చుని ఇంకేం ఎదురుచూస్తాను! అడవి పురుగుల మీద, చెట్లకు వచ్చే శిలీంధ్ర తెగుళ్ల మీద 30 ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక మా పుట్టింటి పక్కనే ఇల్లు కట్టుకున్నదాన్ని. అడవి గురించి ఎవరైనా ఒక్క ముక్క అడగకపోతారా అని పోస్టు వచ్చినప్పుడల్లా ఆశగా విప్పుతుంటాను. ఈసారి అడిగారు. ఆ ఉత్తరాన్ని ముందుకు జరిపాను. కొబ్బరి రైతులు కోప్పడవద్దు, మీ వంతూ ఉంది.

ప్రశ్న: డాక్టరు గారూ, నేను రాజోలులో డిగ్రీ చదువుతున్నాను. మాకు పురుగులు జంతుశాస్త్రంలో, శిలీంధ్రాలు వృక్షశాస్త్రంలో వస్తాయి. మీరు రెండింటి మీదా పరిశోధన చేశారని ఈ శీర్షికలోనే చదివాను. రెండూ ఒకరే ఎందుకు చదవాల్సి వచ్చింది?

జవాబు: వాటిని విడదీసింది మన కాలేజీలమ్మా, చెట్టుకు ఆ సంగతి తెలియదు. నేనూ మొదట శిలీంధ్రాల వైపు మనిషినే. పురుగు కనబడితే అది పక్క గది వాళ్ల పని అనుకునేదాన్ని. ఆ పొగరు మారేడుమిల్లి అడవిలో దిగింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నరికి పేర్చిన దుంగల్లో కర్ర నల్లబడుతోంది, చూసి రమ్మని పంపారు. వానలు మొదలై నెల అయింది. దుంగల బెరడు మీద అక్కడక్కడ సన్నటి తెల్లటి పుల్లలు నిలబడి ఉన్నాయి, కాలిపోయినా రాలని అగరుబత్తి బూడిదలాగా, అంగుళం పొడవున. వేలు తగిలితే పొడి అయిపోయాయి. ఒక్కో పుల్ల కింద గుండుసూది తల పట్టేంత రంధ్రం. నాతో వచ్చిన వాచరు పెద్దాయన గొడ్డలితో దుంగను నిలువునా చీల్చాడు. లోపల సొరంగాలు, వాటి గోడలు మసి పూసినట్టు నల్లగా. భూతద్దం పెట్టాను. ఆ నలుపు మీద తెల్లటి నూగు, లేత వెలగకాయ మీద ఉన్నట్టు. సొరంగం చివర ఆవగింజ కంటే కాస్త పొడుగైన గోధుమరంగు పెంకుపురుగు. దాని వెనక బియ్యపు నూకల్లాంటి పిల్లపురుగులు. అవి ఆ నూగును మేస్తున్నాయి.

పెద్దాయన అడిగాడు: "అమ్మా, ఇది కర్ర తినే పురుగైతే, తొలిచిన పొడి అంతా బయటికి ఎందుకు తోసేస్తోంది?" అంత చదువు చదివిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. అది కర్ర తినడం లేదు. కర్రలో గది కట్టుకుని, గోడలకు బూజు పెంచి, ఆ బూజు తింటోంది. వీటిని ఆంబ్రోసియా పెంకుపురుగులు అంటారు. చాలా జాతుల్లో తల్లిపురుగు పుట్టిన చెట్టును వదిలేటప్పుడు బూజు బీజాలను ఒంట్లోనే ఉన్న చిన్న సంచిలో పెట్టుకుని బయల్దేరుతుంది, కొత్తగా కాపురానికి వెళ్లే పిల్ల ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకున్నట్టు. కొత్త చెట్టులో సొరంగం తవ్వి గోడలకు ఆ బీజాలు అంటిస్తుంది. మనిషి నాగలి పట్టడానికి ఎన్నో లక్షల ఏళ్ల ముందు నుంచీ సాగుతున్న వ్యవసాయం ఇది.

కొన్ని రకాల చెదలదీ అదే వృత్తి. పుట్ట లోపల గదుల్లో, తిని విసర్జించిన ఆకు, కర్ర పిప్పి మీద ఒక జాతి శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. తొలకరి ఉరుములకు పుట్ట మీద లేచే గొడుగులు ఆ తోటలోవే. మన వాళ్లు దానికి పుట్టగొడుగు అని పేరు పెట్టేశారు. పురుగుకూ శిలీంధ్రానికీ ఉన్న లంకె ఆ ఒక్క మాటలో ఉంది. నేను డెహ్రాడూన్ వెళ్లి నేర్చుకున్నాను.

అన్నట్టు, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో చెట్ల తెగుళ్ల అధ్యయనాన్ని నిలబెట్టిన బి.కె. బక్షి 1950లో అచ్చు వేసిన ఒక పరిశోధన బ్రిటన్‌లోని ఈ ఆంబ్రోసియా పురుగుల వెంట ఉండే శిలీంధ్రాల మీదే.

ఇక ఈ జోడీ ప్రాణాంతకంగా మారిన కథ ఒకటి చెబుతాను. ఇది మీలాంటి చదువుకునే ఆడపిల్లలకు తెలియాల్సిన కథ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఐరోపాలో ఎల్మ్ చెట్లు నిలువునా ఎండిపోవడం మొదలైంది. యుద్ధంలో వాడిన విషవాయువు వల్లేనని కూడా కొందరు అనుకున్నారు. నెదర్లాండ్స్‌లో యోహన్నా వెస్టర్‌డైక్ అనే ప్రొఫెసరమ్మ దగ్గర చదువుతున్న బెయా ష్వార్ట్జ్ అనే అమ్మాయి, చచ్చిన కొమ్మల్లోంచి ఒక శిలీంధ్రాన్ని వేరుచేసి ఇదే కారణమని 1922లో చెప్పింది. పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. అదే ప్రొఫెసరమ్మ శిష్యురాలు క్రిస్టీన్ బయిస్‌మాన్ ఆరోగ్యంగా ఉన్న చెట్లకు ఆ శిలీంధ్రాన్ని ఎక్కించి, అవి అదే విధంగా ఎండిపోవడం 1927లో చూపించింది. అప్పుడు నోళ్లు మూతపడ్డాయి. ఆ శిలీంధ్రాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది బెరడు కింద కాపురం చేసే చిన్న పెంకుపురుగు. పురుగొక్కటే అయితే చెట్టు తట్టుకునేది. బూజొక్కటే అయితే ఊరు దాటేది కాదు. జబ్బును కనిపెట్టింది డచ్చి వాళ్లు కాబట్టి డచ్ ఎల్మ్ తెగులు అని పేరు పడింది. కనిపెట్టినందుకు నింద మోయడం ఎక్కడైనా ఉన్నదే.

మన దేశానిదీ ఒక వాటా ఉంది. భారతదేశంతో సహా ఆసియా అడవుల్లో ఎవరికీ పట్టకుండా బతికే ఒక ఆంబ్రోసియా పురుగు 2002లో అమెరికాలోని జార్జియాలో, సవానా రేవు దగ్గర కనబడింది. అది వెంట తీసుకెళ్లిన బూజు అక్కడి రెడ్‌బే చెట్లను మూకుమ్మడిగా చంపి, తర్వాత ఫ్లోరిడా అవొకాడో తోటల్లోకి దిగింది. ఇంట్లో పిల్లి, వీధిలో పులి.

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. 35 ఏళ్ల కొబ్బరి చెట్టు మొదట్లో ఎర్రటి జిగురు కారుతోంది. అక్కడే సన్నటి రంధ్రాలు, పొడి కనిపిస్తున్నాయి. పురుగు పట్టిందని దుకాణంలో రెండు రకాల మందులు ఇచ్చారు. ఏది ముందు వాడాలి?

జవాబు: రెండూ మూత తీయకుండా పక్కన పెట్టి, ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి.

జిగురు ఎక్కడ మొదలైంది? నేలను ఆనుకుని మొదట్లోనే కారి, పైకి పాకుతోందా? అడుగు వరుస మట్టలు పసుపు తిరిగి, కాండం పక్కన వేలాడబడ్డాయా? పిందెలు రాలుతున్నాయా? అయితే అది గానోడెర్మా. వేళ్లలో దూరి, లోలోపల మొదలును కుళ్లబెట్టే శిలీంధ్రం. మీరు చూసిన రంధ్రాలు చిన్న పెంకుపురుగులవి. చెట్టు చావుకు దగ్గరపడిందని వాసన పట్టి అవి తర్వాత వచ్చాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు నిజమే గాని, గోరుచుట్టు ఆ రోకలి వల్ల రాలేదు. పురుగుమందుతో రంధ్రాలు కడిగితే లోపలి కుళ్లు ఒక్క వేలు కూడా వెనక్కి తగ్గదు.

అలా కాకుండా కాండం మధ్యలో బెరడు పగిలి ముదురు గోధుమరంగు రసం కారి, ఎండాక నల్లగా మచ్చ కడుతుంటే అది వేరే శిలీంధ్రం. ఉలితో ఆ మచ్చను ఆరోగ్యమైన కండ తేలేదాకా చెక్కేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. చెక్కిన ముక్కలు తోటలో వదలకుండా కాల్చండి.

మూడోది ఎర్రముక్కు పురుగు. రంధ్రంలోంచి నమిలి ఉమ్మేసిన పీచు, పులిసిన కల్లు వాసన వస్తాయి. తెల్లవారుజామున లారీలు, మోటార్లు లేవకముందు కాండానికి చెవి ఆనించండి. లోపల పిల్లపురుగులు పీచు కొరికే చప్పుడు, పక్కింట్లో ఎవరో చెరకు నములుతున్నట్టు వినబడుతుంది. నాకు ఇది నేర్పింది మా తోటలో దింపు తీసే బాబాయి. ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. ఆ పని నేనే చేస్తున్నాను. ఇక్కడ కూడా వరుస చూడండి: కొమ్ముపురుగు మొవ్వును తొలిచి గాయం చేస్తుంది, ఎర్రముక్కు పురుగు ఆ గాయంలో గుడ్లు పెడుతుంది. దింపు కత్తి గాట్లయినా, నాగలి తగిలిన మొదలైనా దానికి తలుపు తెరిచినట్టే.

మీ ఉత్తరాన్ని బట్టి నాకు గానోడెర్మా అనిపిస్తోంది. అలాగైతే ఆ చెట్టు పాదులో నీళ్లు పక్క చెట్టు పాదులోకి పారకుండా విడిగా కట్టు వేయండి. చెట్టు చుట్టూ మూడడుగుల లోతు, అడుగున్నర వెడల్పు కందకం తీయండి. ఈ తెగులు వేరు వేరు తగిలి పాకుతుంది కాబట్టి ఆ తాకిడి తెగాలి. పక్కనున్న బాగున్న చెట్లకు ఏటా 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి పాదులో వేయండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, గానోడెర్మాను తిని బతికే రకం. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం మీకు నడిచి వెళ్లేంత దూరం. ట్రైకోడెర్మా కోసం దుకాణాల చుట్టూ తిరగకుండా ముందు అక్కడ అడగండి. ఆ చుట్టుపక్కల దున్నడం మానండి. అంతరపంటగా అరటి ఉంటే ఉంచండి, మేలే చేస్తుంది. చెట్టు పూర్తిగా ఎండితే మొదలుతో, వేళ్లతో సహా తవ్వి కాల్చాలి. నరికి మోడు వదిలేస్తే ఆ మోడే పుట్టిల్లవుతుంది.

తంజావూరు జిల్లాలో 1952 తుఫాను తర్వాత ఈ తెగులు పెద్దఎత్తున బయటపడింది, అందుకే తంజావూరు తెగులు అన్న పేరూ ఉంది. మనకు 1996 నవంబరు తుఫాను గుర్తుండే ఉంటుంది. పడిపోయిన చెట్ల లెక్కలు రాసుకున్నారు గాని, వేళ్లు కదిలి నిలబడిన చెట్లను ఎవరూ లెక్కపెట్టలేదు. పడ్డ కాండాలు ఏళ్ల తరబడి తోటల్లో కుళ్లాయి. కొమ్ముపురుగు గుడ్లు పెట్టడానికి అంతకంటే మెత్తటి పరుపు ఉండదు.

ప్రశ్న: కొబ్బరి మొదట్లో లక్కలా మెరిసే గట్టి పుట్టగొడుగు వచ్చింది. ఇదే రకాన్ని పొడి చేసి మందుగా వేల రూపాయలకు అమ్ముతున్నారని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. మేమూ అమ్ముకోవచ్చా? (ముమ్మిడివరం)

జవాబు: చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకున్నారంటారు, మీరు చెట్టు చావు అమ్ముతానంటున్నారు. మందుగా పెంచేది దాని దాయాది జాతుల్ని, అదీ శుభ్రమైన చోట, రంపపు పొట్టు మీద. మీ చెట్టుది ఏ జాతో తెలియకుండా ఎవరి నోట్లోనూ వేయవద్దు. ఆ గొడుగు కనబడిందంటే లోపల జబ్బు ముదిరిపోయిందని అర్థం. బీజాలు రాలకముందే విరిచి కాల్చేసి, పై జవాబు మళ్లీ చదవండి.

ప్రశ్న: మా పెంటకుప్పలో బొటనవేలంత తెల్లటి పురుగులు కొన్ని గట్టిపడి, ఆకుపచ్చగా బూజు పట్టి చచ్చి ఉన్నాయి. ఆ ఎరువు చెట్లకు వేస్తే బూజు అంటుకుంటుందా? (ఆత్రేయపురం)

జవాబు: అదృష్టవంతులండీ మీరు! అవి కొమ్ముపురుగు పిల్లలు. వాటిని చంపింది మెటారైజియం అనే శిలీంధ్రం. మొదట తెల్లగా పట్టి, బీజాలు వచ్చాక ఆలివ్ పచ్చకు తిరుగుతుంది. మొక్కల జోలికి రాదు. 1879లో ఒడెస్సా దగ్గర గోధుమ పంట మీది పెంకుపురుగుల్లో దీన్ని కనిపెట్టినది మెచ్నికోవ్. తర్వాత రోగనిరోధక శక్తి మీద పనికి 1908లో నోబెల్ అందుకున్న ఆయనే. పురుగు మీదికి బూజును ఉసిగొల్పవచ్చన్న ఆలోచనను ముందుకు తెచ్చిన వాళ్లలో ఆయన ఒకడు.

చచ్చిన పురుగులను ఏరి, చితిపి, నీళ్లలో కలిపి కుప్ప అంతటా చల్లండి. కుప్ప తడి ఆరనీయకండి. వాసనకు మా కోడలు నన్ను ఆ రోజు వంటింట్లోకి రానివ్వదు, అది వేరే సంగతి.

ప్రశ్న: మా ఊరి అమ్మవారి గుడి దగ్గర పెద్ద వేపచెట్టు కొమ్మల చివర్లు దసరా నాటికి కాలిపోయినట్టు మాడాయి. అమ్మవారికి కోపం వచ్చిందని కొందరు, సెల్‌ఫోను టవరు వల్లని కొందరు. కొట్టేయాలంటున్నారు. (మండపేట)

జవాబు: కొట్టేయవద్దు. అమ్మవారి మాట నేను చెప్పలేను గాని టవరు తప్పు మాత్రం కాదు. వేప చివళ్లు ఎండే ఈ తెగులుకు కారణం ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం. వానలతో మొదలై ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ముదురుతుంది. దానికి తోడు టీ దోమ అనే నల్లి లేత చివళ్లలో రసం పీలుస్తుంది. అది గుచ్చిన చోటల్లా లేత కొమ్మ మాడుతుంది, బూజుకు దారి దొరుకుతుంది. 2021లో ఆంధ్రలో, తెలంగాణలో ఊరూరా వేపలు ఇలాగే మాడితే ఇక వేప ఉండదని నాకు ఎన్ని ఫోన్లు వచ్చాయో. ఎక్కువ చెట్లు ఉగాదికి మళ్లీ చిగిర్చాయి, పచ్చడిలోకి పువ్వూ దొరికింది.

అంత ఎత్తు చెట్టుకు మందు కొట్టడం అయ్యే పని కాదు, గుడికి వచ్చే వాళ్ల మీద పడుతుంది కూడా. అందిన మేరకు ఎండు చివళ్లు కత్తిరించి కాల్చండి. చుట్టూ వేసిన సిమెంటు గచ్చును మొదలుకు నాలుగడుగుల దూరం దాకా పగలగొట్టండి. ఊపిరాడని వేరు ఉన్న చెట్టు ఏ జబ్బునూ తట్టుకోదు. గచ్చు వేయించిన దాతకు కోపం వస్తే ఈ పత్రిక చూపించండి.

ప్రశ్న: నేను పాలకొల్లు దగ్గర పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. తెల్లదొరల కాలంలో సర్కారు మనుషులు వచ్చి తాటిచెట్ల తలలు నరికించి తగలబెట్టారని, మా ముత్తాత వాళ్లతో తగవు పడ్డారని మా తాతగారు చెప్పేవారు. ఇది నిజమా, కథా?

జవాబు: నిజమే మాస్టారూ. మీ ఉత్తరం చదివి ఆ రోజు వేరే పని చేయలేదు. ఇలాంటి జ్ఞాపకం ఒక ఇంట్లో మిగిలి ఉండటం చిన్న విషయం కాదు.

అప్పట్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లు, కొబ్బరిచెట్లు మొవ్వు కుళ్లి చనిపోతుండేవి. నడిమి ఆకు పాలిపోతుంది, లాగితే ఊడి చేతికి వస్తుంది, చివర కుళ్లిన మాంసం కంపు. తాటికి, కొబ్బరికి మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే. మిగతా మట్టలు నెలల తరబడి పచ్చగా ఉంటాయి కాబట్టి చచ్చిన చెట్టు బతికున్నట్టే కనబడుతుంది. మీ ముత్తాత గారి తగవు అక్కడే వచ్చి ఉంటుంది.

దీని మూలం వెతికినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్. ఐర్లండులోని క్లేర్ ప్రాంతంలో పుట్టాడు. బంగాళాదుంప తెగులు వచ్చి కరువులో లక్షల మంది చచ్చిన దేశం అది. వైద్యం చదివి శిలీంధ్రాల వైపు మళ్లాడు. 1901లో మన దేశం వచ్చి, కొన్నాళ్లు డెహ్రాడూన్‌లో అడవి చెట్ల శిలీంధ్రాలు చూసి, బీహారులోని పూసాలో సామ్రాజ్య శిలీంధ్ర శాస్త్రవేత్త అయ్యాడు. గోదావరి తాళ్ల మొవ్వు కుళ్లును పరిశీలించి, 1907లో దాని కారకానికి పిథియం పామివోరం అని పేరు పెట్టాడు. పామివోరం అంటే తాళజాతిని తినేది అని. తన లెక్క సరికాదని తానే 1919లో దాన్ని ఫైటాఫ్తోరా ప్రజాతిలోకి మార్చి, ఫైటాఫ్తోరా పామివోరా అన్నాడు. ఐర్లండు బంగాళాదుంపను కొట్టినది కూడా ఫైటాఫ్తోరాయే, దీని చెల్లెలు జాతి. ఊళ్లో కరువు తెచ్చిన కుటుంబాన్ని ఆయన మన తాటితోపులో మళ్లీ కలిశాడు.

తాటి మొవ్వు చుట్టూ మట్టల అడుగులు ఒకదాని మీద ఒకటి డాలులా చుట్టుకుని ఉంటాయి కదా. ఈ బూజు పై డాలు మీద మచ్చగా మొదలై, దాన్ని తొలిచి లోపలి డాలుకు, అక్కడి నుంచి ఇంకో దానికి, అలా మొవ్వు దాకా పోతుంది. నేను ఒకసారి పడగొట్టిన తాటిని పొర తర్వాత పొర విప్పుతూ చూశాను. పై పొర మీద అరచేతంత మచ్చ, దాని కింద పొర మీద సరిగ్గా అదే చోట కాస్త చిన్నది, దాని కింద ఇంకా చిన్నది. మేకు దిగిన పుస్తకంలో పుటలు తిప్పుతున్నట్టు ఉంది. అసలు విచిత్రం, ఈ జాతిని ఇప్పుడు నిజమైన శిలీంధ్రంగా లెక్కపెట్టరు. సముద్రపు గోధుమ నాచుకు దగ్గరి చుట్టం. బీజాలకు తోకలుంటాయి, వాన నీటి పొరలో ఈదుతాయి. కృష్ణా, గోదావరి వానాకాలం వాటికి పండగ. గీత కత్తికి, మోకుకు అంటుకుని చెట్టు నుంచి చెట్టుకు పోవడం ఇంకా సులువు.

అప్పట్లో దీనికి మందు లేదు. రోగం తగిలిన చెట్టు తల నరికి, కాల్చి, బీజాలు రాలకుండా చేయడమే దారి. అందుకే ప్రభుత్వం మనుషులను పెట్టి ఏళ్ల తరబడి ఆ పని చేయించింది. ఎదిగిన తాటి అంటే ఒక ఇంటికి ముంజలు, తేగలు, కల్లు, కమ్మలు. పచ్చగా ఉన్నదాన్ని ఎవరో వచ్చి నరికితే మీ ముత్తాత గారు ఊరుకుంటారా? నేను బట్లర్ వైపు నిలబడతాను, కాని ఆ తోపులో ఉండి ఉంటే మీ ముత్తాత గారి పక్కనే అరిచేదాన్ని.

ఆ పామివోరాయే ఇప్పుడు మన కొబ్బరితోటల్లో అంతరపంట కోకో కాయలను నల్లగా కుళ్లబెడుతోంది. కోకో రైతులు కుళ్లిన కాయను చెట్టు కిందే పారేస్తున్నారు. తలలు నరికించిన వాళ్ల కథ వాళ్లకు చదివి వినిపించండి. కొబ్బరి మొవ్వు కుళ్లు తొలి దశలోనే కనబడితే ఇప్పుడు నరకనక్కర్లేదు: కుళ్లును శుభ్రంగా చెక్కేసి, 100 గ్రాముల మైలుతుత్తం అరలీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం అరలీటరు నీళ్లలో విడివిడిగా కరిగించి, తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలో పోసి కలిపిన పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా కుండ బోర్లించండి. ఇనుప పాత్ర వాడవద్దు. కలిపాక మాత్రం ఇనుప కత్తి ముంచి చూడండి. దాని మీద రాగి రంగు పట్టితే సున్నం చాలలేదని అర్థం.

బట్లర్ పేరు ఇంకోచోట కూడా మన తీరంలో ఉంది. ఓడలరేవు నుంచి అంతర్వేది దాకా ఇసుకలో పెంచే సరుగుడు తోటల్లో బెరడు బొబ్బలెక్కి పగిలే తెగులు చూసే ఉంటారు. ఆ బొబ్బ కింద వేలు పెడితే కాటుకలా నల్లటి పొడి అంటుతుంది, సబ్బుకు త్వరగా పోదు. ఆ శిలీంధ్రానికీ మొదట పేరు పెట్టింది ఆయనే. 2003లో దాన్ని కొత్త ప్రజాతిలోకి మార్చినప్పుడు ఆ ప్రజాతికి మద్రాసు శిలీంధ్ర శాస్త్రవేత్త సి.వి. సుబ్రమణియన్ గారి పేరే పెట్టారు.

మీ ముత్తాత గారి ఊరు ఏదో, ఆ తోపు ఎక్కడుండేదో రాసి పంపుతారా? పత్రిక కోసం కాదు, నా కోసం.

ప్రశ్న: కోరంగి మడ అడవిలో పడవ నడుపుతాను. కొన్ని మడచెట్లకు ఆకులన్నీ జల్లెడైపోయి, దారాలకు వేలాడుతూ పురుగులు దిగుతున్నాయి. మందు కొట్టరా?

జవాబు: కొట్టకూడదు. నేను చూడకుండా జాతి తేల్చి చెప్పను గాని, టేకు ఆకు తినే హిబ్లియా అనే పురుగు మడచెట్టునూ తింటుంది. మహారాష్ట్ర తీరంలో అలా మందలుగా పడి మడలను బోడి చేసిన సందర్భాలున్నాయి. వేరు బాగుంటే చెట్టు కొన్ని వారాల్లో మళ్లీ ఆకు వేస్తుంది. అక్కడ మందు కొడితే రొయ్య పిల్లలు, పీతలు ముందు పోతాయి, మీ వలలూ ఖాళీ. మళ్లీ కనబడినప్పుడు నాలుగు పురుగులను ఆకుతో సహా మూత ఉన్న డబ్బాలో వేసి అటవీ శాఖ వాళ్లకు ఇవ్వండి. కొంగలు, మైనాలు ఎన్ని వాలుతున్నాయో కూడా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. అడవుల్లో తిరిగి పురుగుల మీద, చెట్ల జబ్బుల మీద పరిశోధన చేస్తానంటోంది. మీరు రాసేవి చదివే ఈ పిచ్చి పట్టిందని మావారి అనుమానం. ఆడపిల్లకు ఇది కుదిరే పనేనా? (కొత్తపేట)

జవాబు: మీవారి అనుమానం నిజమైతే నాకు సంతోషమే. కుదురుతుందమ్మా. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ 1906 నుంచి ఉంది. కేరళలో పీచిలో, హైదరాబాదు శివార్లలో దూలపల్లిలో అటవీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ముందు వ్యవసాయం, ఉద్యానం, అటవీ శాస్త్రం, బోటనీ, జువాలజీ, వీటిలో దేని నుంచైనా వెళ్లవచ్చు. జీతం గొప్పగా ఉండదు. జలగలు ఉంటాయి. వానలో తడిసిన బూట్లతో వారం గడుస్తుంది, ఫలితం తేలడానికి పదేళ్లు పడుతుంది, అప్పటికి పై అధికారి మారిపోయి ఉంటాడు. ఇవన్నీ ముందే చెప్పండి. అయినా వెళ్తానంటే ఆపకండి.

ఇప్పటికి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి కొనిపెట్టండి, ఖర్చు పెద్దగా కాదు. మా పెరట్లో పోయిన ఏడు కొట్టిన మామిడి దుంగ ఒకటి పడి ఉంది. నాలుగు రోజుల నుంచి దాని బెరడు మీద సన్నటి తెల్లటి పుల్లలు లేస్తున్నాయి. ఆదివారం పొద్దున చీలుస్తాను. పిల్లను తీసుకురండి, మీవారిని కూడా. గొడ్డలి పట్టడానికి ఒక మనిషి కావాలి.